పాత ఎస్ప్రెస్సో మెషిన్ కొందామనుకుంటే ఏది కొనాలి, పార్ట్స్ ఎక్కడ తెచ్చుకోవాలి

పోయిన నెల విజయవాడ నుంచి మా బావ వాట్సాప్‌లో మూడు ఫోటోలు పంపాడు, మూడూ పాత ఇటాలియన్ ఎస్ప్రెస్సో మెషిన్లే. ఒకటి లా పవోని లీవర్ మెషిన్, ఒకటి పాత గాజ్జా క్లాసిక్, మూడోది ఫాయెమా వాళ్ళ పెద్ద ఈ61. కింద ఒకే లైను, "వీటిల్లో ఏది తీసుకోమంటావురా, నువ్వొచ్చేటప్పుడు తెస్తావా" అని. నేను మ్యూనిక్‌లో ఉంటాను, ఇక్కడ్నుంచి ఇటలీ బోర్డరు కారులో కొన్ని గంటలే, ఇలాంటి మెషిన్లు సెకండ్ హ్యాండ్ సైట్లలో రోజూ కనిపిస్తూనే ఉంటాయి, ఇప్పటిదాకా నేను నాలుగు విప్పి బాగుచేశాను. బావతో ఫోన్లో గంటన్నర మాట్లాడాను, ఆ మాట్లాడినదంతా ఇక్కడ రాస్తున్నాను, ఎందుకంటే ఈ మధ్య మనవాళ్ళు చాలామందే ఇదే ప్రశ్న అడుగుతున్నారు.

బావకి మొదట చెప్పింది ఏంటంటే, మెషిన్ ఫోటో చూసి మనసు పారేసుకోకు, ముందు ఆ మోడల్‌కి గ్యాస్కెట్ సెట్టు, హీటింగ్ ఎలిమెంటు, సేఫ్టీ వాల్వు ఈ మూడూ ఇవాళ కొత్తవి అమ్ముతున్నారా, ఎంతకి అమ్ముతున్నారు అనేది చూడు, ఆ మూడింటి ఖర్చు కాగితం మీద రాసుకున్నాకే మెషిన్ ధర అడుగు. ఈ మూడూ దొరికితే 60 ఏళ్ళ మెషిన్ అయినా మళ్ళీ కాఫీ ఇస్తుంది. దొరక్కపోతే ఎంత మెరిసినా అది షోకేసులోకే.

అసలు ఎస్ప్రెస్సో అంటే ఏంటో రెండు ముక్కలు చెప్పుకోవాలి, ఎందుకంటే మనకి ఎక్స్‌ప్రెస్ కాఫీ అంటే పెళ్ళిళ్ళలో గ్యాస్ మీద బుస్సుమంటూ ఆవిరి కొట్టి పాలు నురగ తేల్చి ఇచ్చేది గుర్తొస్తుంది, నాకైతే అదంటే ఇప్పటికీ ప్రాణం, కానీ అందులో కాఫీ పొడి మీద ప్రెషర్ ఏమీ పడదు, ఇన్‌స్టెంట్ పొడిలో ఆవిరి పాలు, అంతే. ఇటలీలో కూడా మొదట్లో ఆవిరే. లుయీజి బెజ్జెరా 1901లో పేటెంట్ తీసుకుంటే దాన్ని దెసిదెరియో పవోని కొనుక్కుని మెషిన్లు తయారుచేశాడు, వాటిల్లో ఒకటిన్నర బార్ (ఒక బార్ అంటే దాదాపు మన చుట్టూ ఉండే గాలి ప్రెషరంత) ఆవిరి ప్రెషర్ తోనే కాఫీ దిగేది. 1940ల్లో మిలాన్‌లో అకిల్లే గాజ్జా లీవరు, స్ప్రింగు పెట్టి నీళ్ళని గట్టిగా నొక్కేసరికి కప్పు మీద ఆ తేనె రంగు నురగ, క్రెమా, అప్పుడు వచ్చింది. 1961లో ఫాయెమా ఈ61 లీవరు పని మోటారు పంపుకి అప్పగించింది, 9 బార్ ప్రెషర్, చెయ్యి నొప్పి లేదు. ఆ ఏడాది ఫిబ్రవరిలో ఇటలీ మీద సంపూర్ణ సూర్యగ్రహణం పట్టింది, ఆ గ్రహణం పేరు మీదే ఈ61 అని పెట్టారు. ఇవాళ కొత్తగా వచ్చే మెషిన్లు కూడా ఈ దారుల్లోనే ఉన్నాయి, లీవరు ఐనా పంపు ఐనా. అందుకే పాతవి బాగుచెయ్యడం కుదురుతోంది, లోపల మెకానిజం పెద్దగా మారలేదు కాబట్టి.

సరే మెషిన్ల దగ్గరికి వద్దాం.

లా పవోని యూరోపిక్కోలా

నేను మొదట కొన్నది ఇదే, మ్యూనిక్‌లో తెరేజియన్‌వీజ మైదానంలో ఏప్రిల్‌లో పెట్టే పెద్ద పాతసామాన్ల సంతలో, ఒక పెద్దాయన దుప్పటి మీద గిన్నెల పక్కన పెట్టుకు కూర్చున్నాడు. 1961 నుంచి ఇప్పటిదాకా దాదాపు అదే ఆకారంలో తయారవుతూనే ఉంది, కంపెనీని 2019లో స్మెగ్ వాళ్ళు కొన్నారు, ఐనా మెషిన్ ఆపలేదు. పార్ట్స్ విషయంలో ఇంతకన్నా ధైర్యమిచ్చేది ఇంకోటి లేదు.

దీంట్లో పంపు లేదు, స్ప్రింగు లేదు, ఎలక్ట్రానిక్స్ అసలే లేవు. 0.8 లీటర్ బాయిలర్, కింద హీటర్, పక్కన గ్రూపు, అంటే కాఫీ పొడి మీదకి నీళ్ళు దిగే తల భాగం, లోపల పిస్టన్, పైన మీ చెయ్యి. లీవరు పైకెత్తితే నీళ్ళు కాఫీ మీదకి వస్తాయి, కిందకి నొక్కితే మీ బలమే ప్రెషరు. బాయిలర్‌ని గ్రూపుకి కలిపేది రెండు బోల్టులు, ఓపిగ్గా చేస్తే ఒక ఆదివారం మధ్యాహ్నంలో మొత్తం విప్పి కడిగి మళ్ళీ బిగించెయ్యొచ్చు. చేత్తో పని నేర్చుకోవాలనుకునేవాళ్ళకి నేను కళ్ళు మూసుకుని ఇదే చెబుతాను.

కానీ ఒక తిరకాసు ఉంది, ఇక్కడే అందరూ దెబ్బతింటారు, నేనూ తిన్నాను. 2000 దాటాక గ్రూపు మార్చేశారు. పాతవాటికి బాస్కెట్, అంటే కాఫీ పొడి వేసే చిల్లుల గిన్నె, 49 మిల్లీమీటర్లు, కొత్తవాటికి 51. బయటినుంచి చూస్తే అక్కచెల్లెళ్ళలా ఉంటాయి కానీ గ్రూపు గ్యాస్కెటు, పిస్టన్ సీళ్ళు, ఆ బాస్కెట్ కూర్చునే పిడి (పోర్టాఫిల్టరు) ఏవీ ఒకదానివి ఇంకోదానికి పట్టవు. నేను 49 అని రాసి మరీ ఆర్డర్ పెట్టినా ఒక ఆన్‌లైన్ షాపు వాళ్ళు 51 సెట్టు పంపారు, పైగా తిరిగి పంపే ఖర్చు నన్నే పెట్టుకోమన్నారు, మూడు వారాలు మెషిన్ ముక్కలుగా డబ్బాలో పడుంది. అందుకని అమ్మేవాణ్ణి అడిగే మొదటి ప్రశ్న, బాస్కెట్ లోపలి కొలత ఎంత అని, స్కేలు పెట్టి ఫోటో పంపమనండి. ఇంకా వెనక్కి, 1960ల్లో వాటికి ప్రెషర్‌స్టాట్, అంటే బాయిలర్ ప్రెషరు చూసి హీటర్‌ని తనే ఆపే స్విచ్, కూడా ఉండదు, ఎక్కువ వేడికి ఒకటి తక్కువ వేడికి ఒకటి రెండు స్విచ్‌లు ఉంటాయి, ఆవిరి ఎక్కువైతే వాల్వు బుస్సుమంటుంది, అప్పుడు మీరే తగ్గించుకోవాలి. అలాంటివి ఆన్ చేసి పక్క గదిలోకి వెళ్ళకూడదు. ఇంట్లో చిన్నపిల్లలుంటే ప్రెషర్‌స్టాట్ ఉన్నదే తీసుకోండి, ఇందులో రాజీ వద్దు.

గ్యాస్కెట్ సెట్టు చవకే, నాకు 30 యూరోల లోపే పడింది. ఎలిమెంటు మాత్రం గట్టిగానే గుంజుతుంది, అందులోనూ పాత తరాలవి ఇంకా. కొన్ని ఏళ్ళవాటిలో ఎలిమెంటు బాయిలర్ అడుక్కి పెద్ద మరతో బిగించి ఉంటుంది, అది విప్పడానికి ప్రత్యేకంగా పాన కొనుక్కోవాలి, మామూలు పానతో తిప్పితే ఇత్తడి చెక్కుకుపోతుంది.

లోపం అడిగితే, వరసగా మూడు కాఫీలు దాటితే గ్రూపు కాలిపోయి కాఫీ చేదెక్కుతుంది. ఇంట్లో ఇద్దరికి పొద్దున రెండు కప్పులు అంటే చాలు, ఇంటినిండా చుట్టాలుండే ఇంటికి ఇది సరిపోదు.

పాత గాజ్జా క్లాసిక్

1991లో వచ్చింది, దీన్ని వింటేజ్ అనొచ్చా అంటే కొంతమంది మొహం చిట్లిస్తారు, నాకు మాత్రం ముప్పై ఏళ్ళు దాటి ఇంకా పనిచేసే దేన్నైనా గౌరవించాలనిపిస్తుంది. పెద్ద కేఫ్ మెషిన్ల లాగే 58 మిల్లీమీటర్ల పోర్టాఫిల్టరు, ఉల్కా అనే కంపెనీ పంపు, కాఫీ అయిపోగానే మిగిలిన ప్రెషర్ వదిలేసే సోలెనాయిడ్ వాల్వు, అల్యూమినియం బాయిలరు. లోపల ఉన్న ప్రతీ పార్టూ విడిగా దొరుకుతుంది, అది కూడా పది షాపుల్లో, రేట్లు పోల్చుకుని కొనొచ్చు. పంపు పోయిందా, ఉల్కా పంపు ఎన్నో కంపెనీల మెషిన్లలో వాడేదే. బ్రూ థర్మోస్టాటు 107 డిగ్రీలది, ఆవిరిది వేరే, రెండూ చిన్న ఖర్చే. పాతవి ఫ్యాక్టరీ నుంచే ప్రెషరు 9 కన్నా బాగా ఎక్కువ పెట్టి వచ్చేవి, ఎక్కువైన ప్రెషరు వదిలేసే ఓపీవీ అనే చిన్న వాల్వులో స్ప్రింగు మారిస్తే 9 బార్‌కి వస్తుంది, పావుగంట పని, కాఫీ రుచిలో తేడా మొదటి గుక్కలోనే తెలుస్తుంది.

చూసుకోవాల్సినవి రెండు. ఒకటి, అల్యూమినియం బాయిలర్ రెండు చిప్పల్నీ కలిపే స్టీలు బోల్టులు తుప్పుపట్టి కరుచుకుని ఉంటాయి, తొందరపడి తిప్పితే తల ఊడొస్తుంది, లోపల ముక్క ఇరుక్కుంటుంది. ముందురోజు రాత్రే చొచ్చుకుపోయే ఆయిల్ కొట్టి ఉంచండి, తర్వాత ఆ ఆయిల్ జాడ లేకుండా కడగండి. రెండోది, 2015 ప్రాంతంలో అదే పేరుతో వచ్చిన మోడల్ లోపల వేరు, ఆ పాత సోలెనాయిడ్ ఏర్పాటు దాంట్లో లేదు, 2019లో క్లాసిక్ ప్రో అని వచ్చినదాంట్లో మళ్ళీ పెట్టారు. కాబట్టి పేరు చూసి కాదు, పైమూత తీయించి ఫోటో చూసి కొనండి.

రోజూ నాలుగైదు కప్పులు కావాలి, పొద్దున్నే ఆఫీసు హడావిడి, లీవరుతో కుస్తీ పట్టే టైము లేదు అనేవాళ్ళకి ఇది. రాంచీలియో సిల్వియా కూడా ఇదే బాపతు, 1997లో వచ్చింది, బాయిలరు ఇత్తడిది, కొంచెం పెద్దది, మెషిన్ బరువు కూడా ఎక్కువే. రెండూ ఒకే ధరకి దొరికితే నేను సిల్వియా వైపు ఒక అడుగు ఎక్కువ మొగ్గుతాను, ఇత్తడి బాయిలర్‌లో గార తీయడం నాకు కొంచెం ధైర్యంగా ఉంటుంది, అల్యూమినియాన్ని యాసిడ్‌లో ఎక్కువసేపు ఉంచితే అదే తినేస్తుంది కాబట్టి.

ఈ61

బావకి మనసంతా దీనిమీదే ఉంది, నాకు తెలుసు. ఆ గ్రూపు ఒక్కటే నాలుగు కిలోల దాకా ఇత్తడి, క్రోమ్ పూత, చూస్తే గుడి గంటని చూసినట్టు ఉంటుంది. వేడినీళ్ళు ఆ గ్రూపు గుండా తిరుగుతూనే ఉంటాయి, దాంతో ఆ బరువంతా ఒకే వేడిలో నిలబడుతుంది, అందుకే కప్పు కప్పుకీ రుచి మారదు. ఫాయెమా పేరు సైకిల్ రేసులు చూసేవాళ్ళకి కూడా తెలిసే ఉంటుంది, ఎడ్డీ మెర్క్స్ 1969లో టూర్ ద ఫ్రాన్స్ గెలిచింది వాళ్ళ జెర్సీ వేసుకునే.

ఇక్కడ రెండు రకాల్ని కలిపేసి మాట్లాడకండి. 1960ల నాటి అసలు ఫాయెమా కేఫ్ మెషిన్ ఒకటి. ఈ61 గ్రూపు పెట్టి తర్వాత వేరే వేరే కంపెనీలు ఇళ్ళ కోసం చేసినవి ఇంకొకటి. గ్రూపు వరకు పార్ట్స్ రెండిటికీ పుష్కలం, ఆ డిజైన్‌ని అంతమంది వాడుకున్నారు, గ్యాస్కెటు 8 లేదా 8.5 మిల్లీమీటర్లు, జల్లెడ, క్యామ్, స్ప్రింగులు అన్నీ సెట్లుగా అమ్ముతారు. అసలు ఫాయెమాకి ఇబ్బంది వచ్చేది గ్రూపు దగ్గర కాదు, బాడీ ప్యానెళ్ళు, వెలిగే పేరు బోర్డు ప్లాస్టిక్కు, నాబ్‌లు, ఇవి ఇంకో చచ్చిపోయిన మెషిన్ నుంచే రావాలి. పైగా దానికి నీళ్ళ లైను, డ్రైనేజీ, ఇంట్లో మామూలు ప్లగ్గుకి మించిన కరెంటు, ఇద్దరు మనుషులు పట్టినా లేవని బరువు. చిన్న కేఫ్ పెట్టే ఆలోచన ఉంటే, ఏడాది పాటు చేసే ఓపిక ఉంటే, అంతకన్నా గొప్ప పని లేదు. రెండు గదుల ఫ్లాట్‌లో వద్దు బావా అని గట్టిగానే చెప్పాను.

ఇంటి సైజు ఈ61 మెషిన్ 20 కిలోలు దాటుతుంది, విమానం సూట్‌కేసులో పెట్టే మాట మర్చిపోండి. కానీ యూరప్‌లోనో అమెరికాలోనో ఉండేవాళ్ళకి, రోజూ పాలకాఫీలు నలుగురైదుగురికి చెయ్యాలనుకునేవాళ్ళకి ఇది బాగా కుదురుతుంది, ఒక పక్క కాఫీ దిగుతుంటే ఇంకో పక్క ఆవిరి కొట్టుకోవచ్చు. ప్రెషర్‌స్టాట్ సిరాయ్ కంపెనీది పి302 అని పెద్దది వాడి ఉంటే మంచిది, మొండిది, మళ్ళీ కొత్తది దొరుకుతుంది.

ఒలింపియా క్రెమీనా, కారవెల్, ఫాయెమీనా

క్రెమీనా స్విస్ మెషిన్, 1967 నుంచి, లీవరే, ఇప్పటికీ కొత్తది అమ్ముతున్నారు, కొత్తదాని ధర మూడు వేల ఫ్రాంకులు దాటింది కాబట్టి పాతదాని ధర కూడా కొండెక్కి కూర్చుంది. పార్ట్స్ కంపెనీ దగ్గరే దొరుకుతాయి, పనితనం చూస్తే చేతిగడియారం విప్పినట్టుంటుంది. ఒక్క హెచ్చరిక, మొదటి సంవత్సరాల వాటిలో బాయిలర్ దగ్గర ఆస్‌బెస్టాస్ ఇన్సులేషన్ వాడారు. ఆ మాటకొస్తే 1980లకి ముందు ఏ మెషిన్‌లోనైనా బాయిలర్ చుట్టూ బూడిద రంగు పీచు చుట్టి ఉన్నా, ఎలిమెంటు కింద అట్టముక్క లాంటి గ్యాస్కెటు ఉన్నా దాన్ని గీకకండి, పొడి రేగనివ్వకండి, తడిపి ఉంచి తెలిసినవాళ్ళతో తీయించండి. ఊపిరితిత్తుల్లోకి పోతే ఇక వెనక్కి రాదు.

కారవెల్ అని ఒకటుంది, బాయిలర్ మూత తెరిచే ఉంటుంది, ప్రెషరే ఉండదు, టీ కాచినట్టు నీళ్ళు కాగుతుంటే లీవరుతో నొక్కడమే. ఎంత ముద్దుగా ఉంటుందో, కాఫీ కూడా అంత బాగా వస్తుంది. పాలు నురగ తేల్చడానికి ఆవిరి మాత్రం లేదు. సీళ్ళు ఆ మెషిన్ మీద ఇష్టంతో కొంతమంది చేసి అమ్ముతున్నారు, ప్లాస్టిక్ ముక్క విరిగితే కష్టం. 1950ల నాటి ఫాయెమీనా ఐతే మ్యూజియం వస్తువు కిందే లెక్క, మొదటి మెషిన్‌గా వద్దు.

కొనేముందు మల్టీమీటర్ తీసుకెళ్ళండి

దీనికి మించిన సలహా నా దగ్గర లేదు. ప్లగ్గు పీకేసి, ఎలిమెంటు రెండు కొసల మధ్య ఓమ్స్ చూడండి. 230 వోల్టులకి 1000 వాట్ల ఎలిమెంటు ఐతే 53 ఓమ్స్ దగ్గర చూపించాలి, లెక్క సులువే, వోల్టుల్ని వోల్టులతో గుణించి వాట్లతో భాగించడం. అసలు ఏమీ చూపించకపోతే ఎలిమెంటు తెగిపోయింది. తర్వాత ఒక కొసకి, మెషిన్ బాడీకి మధ్య చూడండి, అక్కడ ఏమీ చూపించకూడదు, ఏదన్నా నంబరు వచ్చిందంటే కరెంటు బాడీకి లీకవుతోంది, పట్టుకుంటే షాక్ కొడుతుంది. చాలా ఏళ్ళు మూలన పడున్న ఎలిమెంటు చెమ్మ పీల్చి ఇలా చూపిస్తుంది, ఆరబెడితే కొన్నిసార్లు సర్దుకుంటుంది, సర్దుకోకపోతే కొత్తదే. మన ఇళ్ళల్లో ఎర్త్ సరిగ్గా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించుకున్నాకే ఇలాంటి మెషిన్ ప్లగ్గు పెట్టండి, కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్, ఆర్‌సీసీబీ, లేకపోతే పెట్టించండి. నీళ్ళు, ఇత్తడి, కరెంటు ఒకేచోట ఉన్న వస్తువు ఇది.

డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉండి ఇండియాకి తెద్దామనుకునేవాళ్ళకి ఒక మాట. అక్కడి 120 వోల్టుల 1000 వాట్ల ఎలిమెంటు 14.4 ఓమ్స్ ఉంటుంది, దాన్ని తెచ్చి మన 230లో పెడితే 3600 వాట్లు దాటి లాగుతుంది, కాలిపోవడం ఖాయం. పవోని లాంటిదానికి ఐతే 230 వోల్టుల ఎలిమెంటు వేయించుకుని వాడుకోవచ్చు, పంపు మెషిన్ ఐతే పంపు, సోలెనాయిడు, లైట్లు అన్నీ మార్చాలి, ఆ ఖర్చుతో యూరప్‌ది ఇంకోటి వస్తుంది. యూరప్ కరెంటు మన కరెంటూ ఒకటే, 230 వోల్టులు 50 హెర్ట్జ్, అందుకే ఇండియాకి తేవాలంటే యూరప్ మెషిన్ తేలిక.

పార్ట్స్ ఎక్కడ, ఏది ఒరిజినల్, ఏది కాకపోయినా పర్లేదు

ఇటలీలో చెజేనా ఊళ్ళో ఎల్ఎఫ్ అని కాఫీ మెషిన్ పార్ట్స్‌కి పెద్ద హోల్‌సేల్ కంపెనీ ఉంది, వాళ్ళ కేటలాగులో ప్రతీ పార్టుకీ కొలతలు ఇస్తారు, మీరు వాళ్ళ దగ్గర కొనకపోయినా ఆ నంబరు పట్టుకుని ఏ షాపులో ఐనా అడగొచ్చు, నాకైతే అది నిఘంటువు లాంటిది. సెకండ్ హ్యాండ్‌కి జర్మనీలో క్లయినన్‌త్సైగెన్, ఇటలీలో సుబితో అనే సైట్లు. రెండు పాడైన మెషిన్లు ఒకేసారి అమ్ముతుంటే ఆలోచించకుండా రెండూ కొనండి, ఒకటి అవయవదానం చేస్తుంది, ఇంకోటి బతుకుతుంది. బేకలైట్ పిడులు, నాబ్‌లు, లెవెల్ గ్లాసు పట్టీలు ఇలా తప్ప ఇంకోలా దొరకవు.

గ్రూపు గ్యాస్కెటు విషయంలో నేను ఒరిజినల్ అని పట్టుబట్టను, కెఫెలాట్ లాంటి వాళ్ళ సిలికాన్ గ్యాస్కెట్లు రబ్బరు వాటికన్నా ఎక్కువ కాలం మెత్తగా ఉంటున్నాయి. పిస్టన్ సీళ్ళు మాత్రం ఆ మోడల్‌వే కొనండి, అర మిల్లీమీటరు తేడా వచ్చినా నీళ్ళు పైనుంచి కారతాయి. ఎలిమెంటు అంటే ఒరిజినల్ లేదా అదే కొలతలకి ఇటలీలో చేసింది, పేరూ ఊరూ లేని చవకది కాదు. సేఫ్టీ వాల్వు పాతది బాగుచేసే పనే పెట్టుకోకండి, కొత్తదే కొనండి, బాయిలర్‌లో ఒక బార్ దగ్గర నీళ్ళు 120 డిగ్రీలుంటాయి, ఆ వాల్వు ఒక్కటే మీకూ దానికీ మధ్య ఉన్న కాపలా.

ఇండియాలో ఉన్నవాళ్ళకి ఒక శుభవార్త, ఇటాలియన్ మెషిన్ల మరలు చాలావరకు బీఎస్‌పీ (బ్రిటిష్ పైపు మరల) కొలతలే, 1/8, 1/4, 3/8 అంగుళాలు, మన ప్లంబింగ్ షాపుల్లో వాడేదీ అదే. పైపు కనెక్టర్లు, నట్లు సికింద్రాబాద్ రాణిగంజ్‌లో దొరుకుతాయి, ఓ-రింగులు కూడా. ఓ-రింగులు అడిగేటప్పుడు ఈపీడీఎం, అంటే ఆవిరి వేడికి తట్టుకునే రబ్బరు, అని గట్టిగా అడగండి, మామూలుగా చేతిలో పెట్టేది ఆటోమొబైల్‌కి వాడే నైట్రిల్, అది ఆవిరి వేడికి కొన్నాళ్ళకే గట్టిపడి పగులుతుంది. ఈపీడీఎంకి పెట్రోలియం గ్రీజు, వ్యాజ్‌లీన్ లాంటివి తగిలితే ఉబ్బిపోతుంది, ఫుడ్ గ్రేడ్ సిలికాన్ గ్రీజు ఒక్కటే రాయండి. ఇత్తడి ముక్క ఏదన్నా విరిగితే విజయవాడ ఆటోనగర్‌లో లేతు మిషను మీద పాత ముక్క చూసి కొత్తది తిప్పిచ్చే మేస్త్రీలున్నారు, పోయిన సంక్రాంతికి వెళ్ళినప్పుడు ఒక స్టీమ్ వాల్వు కాండం అలాగే చేయించాను, ఆయన గడియలో చేసిచ్చారు, అంత పొందిగ్గా ఇక్కడ జర్మనీలో ఎవరు చేసినా దాని ఖరీదు మెషిన్ కన్నా ఎక్కువయ్యేది. క్రోమ్ పూత కూడా బుల్లెట్ బండ్లకి వేసేవాళ్ళు వేస్తారు, కానీ నీళ్ళు తగిలే లోపలి వైపు వెయ్యొద్దని ముందే చెప్పి, ఆ రంధ్రాలు మూయించండి, పూత ఊడి కాఫీలో పడకూడదు. క్రోమ్ పోయిన చోట్ల ఇత్తడి బయటపడితే నేను అలాగే వదిలేసి చింతపండుతో తోముతాను, మా అమ్మ బిందెలు తోమినట్టే, తర్వాత బాగా కడుగుతాను.

లోపలి గారకి నిమ్మ ఉప్పు చాలు, ఖరీదైన డీస్కేలర్ అక్కర్లేదు. లీటరు గోరువెచ్చని నీళ్ళకి రెండు మూడు చెంచాలు, ఇత్తడి, రాగి ఐతే అరగంట ఉంచి చూడండి, బుడగలు ఆగిపోతే తీసెయ్యండి. రాత్రంతా వదిలేస్తే ఇత్తడి గులాబీ రంగులోకి తిరుగుతుంది, అంటే అందులోని జింకు పోతోందన్నమాట, ఆ తర్వాత అది పెళుసెక్కుతుంది. అల్యూమినియం బాయిలర్‌కి ఇంకా తక్కువసేపు. ఆ తర్వాత మూడు నాలుగు సార్లు మామూలు నీళ్ళు నింపి పారబొయ్యాలి, పాత ఇత్తడిలో కొంచెం సీసం కూడా ఉంటుంది, యాసిడ్ పెట్టాక మొదటి నీళ్ళు ఎవరూ తాగకూడదు.

నీళ్ళ సంగతి మనూళ్ళలో ఇంకా ముఖ్యం. బోరు నీళ్ళు పోస్తే ఆర్నెల్లలో మళ్ళీ తెల్లగా పేరుకుపోతుంది. అలాగని ఒట్టి ఆర్వో నీళ్ళు పోస్తే, నీటి మట్టం కనిపెట్టే కరెంటు కడ్డీ ఉన్న మెషిన్లలో అది నీళ్ళున్నాయని గుర్తుపట్టదు, ఎందుకంటే ఉప్పు లేని నీళ్ళలో కరెంటు పారదు, ట్యాంకు నిండినా లేదంటుంది. నేను ఇంటికి వెళ్ళినప్పుడు ఆర్వో నీళ్ళలో కొంచెం కుళాయి నీళ్ళు కలిపి వాడాను, బాగానే ఉంది.

బాగుచేసి అమ్మేవాటి సంగతి కూడా బావ అడిగాడు. అసలు చెయ్యి పెట్టే ఉద్దేశం లేనివాళ్ళు అలాంటిదే కొనుక్కోవడం నయం, ధర రెండు మూడింతలున్నా సరే. కానీ "రీస్టోర్ చేశాం" అంటే ఏం చేశారో అడగండి. బయట మెరుగు పెట్టి లోపల పాత గ్యాస్కెట్లే ఉంచినవి నేను చూశాను. ఏ గ్యాస్కెట్లు మార్చారు, సేఫ్టీ వాల్వు కొత్తదా, విప్పి ఉన్నప్పటి ఫోటోలు ఉన్నాయా అని అడిగితే నిజంగా చేసినవాళ్ళు సంతోషంగా చూపిస్తారు.

బావ విషయం ఏం తేలిందంటే, వాళ్ళింట్లో బావ, అక్క ఇద్దరే, పిల్లలు హాస్టల్లో, పొద్దున రెండు కప్పులు, సాయంత్రం రెండు. అక్కకి డికాక్షన్ తప్ప ఇంకేదీ నచ్చదు కాబట్టి నిజానికి సగమే. బావకి చేతిపని ఇష్టం, స్కూటరు తనే విప్పుకుంటాడు. అరకు కాఫీ గింజలు కూడా తెప్పించుకుంటున్నాడు. పవోని తీసుకోమన్నాను, ప్రెషర్‌స్టాట్ ఉన్నది, 2000కి ముందుది, 49 బాస్కెట్‌ది. ఐదారు కిలోలే కాబట్టి నా సూట్‌కేసులో బట్టల మధ్య వచ్చేస్తుంది. ఫాయెమా ఫోటో మాత్రం ఇంకా డిలీట్ చెయ్యలేదన్నాడు, ఉంచుకోమన్నాను. మెషిన్ నిన్ననే చేతికొచ్చింది, ఎలిమెంటు 52 ఓమ్స్ చూపిస్తోంది, బాడీకి లీకు లేదు, లీవరు పిన్నుల్లో ఒకటి అరిగింది. గ్యాస్కెట్లు రెండు సెట్లు, ఒక సేఫ్టీ వాల్వు, ఒక జత పిన్నులు, ఒక ట్యూబు సిలికాన్ గ్రీజు ఆర్డర్ పెట్టాను, ఈసారి 49 అని ఫోన్ చేసి కూడా చెప్పాను.